మోచేతికి హెల్మెట్టు

తాగి స్కూటరు నడిపేవాణ్ణి పట్టుకుని జైల్లో వేయాలని ఈమధ్య కొందరు పెద్దమనుషులు పేపర్లకు ఉత్తరాలు రాస్తున్నారు. జైలా! అయ్యా, అలాంటివాడికి పింఛనివ్వాలి! ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టాలి! విగ్రహం కాస్త పక్కకి ఒరిగి ఉన్నా ఫర్వాలేదు, పోలిక ఇంకా బాగా కుదురుతుంది.

నాకు స్కూటరు లేదని ముందే మనవి చేసుకుంటున్నాను. నడపడం కూడా రాదు. మా ఇంటికి వెళ్లే సందంతా మెట్లే కాబట్టి కాళ్లతోనే తిరుగుతాను. అందుచేత నా వాదనలో స్వార్థం వెతికే శ్రమ మీరు పడనక్కర్లేదు.

గ్రీసు దేశపు క్రీటు దీవి కొండల్లో మా కాలివ్రీసి ఊళ్లో స్కూటర్ని స్కూటరనరు, బాతుపిల్ల అంటారు. ఇంత ముద్దుగా పిలుచుకునేదానికి రిజిస్ట్రేషనేమిటండీ? మీ ఇంట్లో పిల్లిని రిజిస్టరు చేయించారా? మీ కోడిపుంజుకి ఇన్సూరెన్సు కట్టారా?

అయినా ప్రభుత్వం వారు కొత్త రూల్సు పంపారు. బండికి నంబరు ప్లేటు ఉండాలట. నడిపేవాడికి లైసెన్సు ఉండాలట. నెత్తిన హెల్మెట్టు ఉండాలట. కడుపులో మా రాకి సారా మాత్రం ఉండకూడదట! మనిషన్నాక ఇన్ని ఒక్కసారి గుర్తుంటాయా?

అలాగని మేమేమైనా చట్టాన్ని గౌరవించనివాళ్లమా? రూల్సు వచ్చిన వారానికే అందరూ ప్లేట్లు తెచ్చుకున్నారు. అంత మంచి రేకుని బురదలో తిరిగే బండికి తగిలిస్తే నాలుగు రోజుల్లో పాడైపోదూ? అందుకని మా ఊరి మేటి రైడరు మనూసోస్ తన ప్లేటుని కోళ్లగూటి తలుపుకి కొట్టుకున్నాడు. ఇప్పుడు వాడి కోళ్లు చట్టబద్ధంగా గుడ్లు పెడుతున్నాయి.

లైసెన్సంటారా? మనూసోస్ దగ్గర వాళ్ల నాన్న లైసెన్సు ఉంది. నాన్న పోయి చాలాకాలమైంది గానీ లైసెన్సు పోలేదు. ఫొటోలో మీసం అదే, ముక్కు అదే, కోపం కూడా అదే. తండ్రి పొలం కొడుక్కి వస్తుంది, తండ్రి పగలు కొడుక్కి వస్తాయి, లైసెన్సు మాత్రం ఎందుకు రాకూడదు?

హెల్మెట్టు ప్రతివాడికీ ఉంది. మోచేతికి తగిలించుకుంటాడు. తలకి పెట్టుకుంటే ఎదురొచ్చినవాడు గుర్తుపట్టడు. గుర్తుపట్టకపోతే పలకరించడు. పలకరించకపోతే మా కొండల్లో మూడు తరాల పాటు మాటలుండవు. మోచేతికైతే ఆ బాధ లేదు. పైగా వాన కురిశాక దారిలో నత్తలు కనిపిస్తే ఏరి వేసుకోవడానికి గిన్నెలా పనికొస్తుంది. ఏ ఆసుపత్రిలోనైనా వాకబు చేయండి, మా ఊరివాడు మోచెయ్యి విరిగి చేరిన దాఖలా ఒక్కటి లేదు. చేరినవాళ్లందరూ ఇతర భాగాలు విరిగే చేరారు.

ఇక తాగుడు సంగతి. మా ఊళ్లో తాగుబోతు అనేవాడు లేడు. మర్యాద చేస్తే కాదనలేనివాళ్లు మాత్రం ఉన్నారు. పై కాఫీ కొట్టు దగ్గర బండి ఆపగానే ఎవరో ఒకరు రాకి పోయిస్తారు. పోయించినవాడికి తిరిగి పోయించకపోతే పరువు తక్కువ. ఇద్దరూ గ్లాసులు తాకించుకుంటుంటే మూడోవాడు వస్తాడు. వాణ్ణి పక్కన పెట్టి తాగుతామా? ఇలా ఒకరినొకరు గౌరవించుకుని, గౌరవించుకుని, మనూసోస్ బండెక్కే వేళకి అతనిలో పుట్టెడు గౌరవం పేరుకుని ఉంటుంది. ఆ గౌరవం మొత్తంతో కొండ దిగుతాడు.

దీనివల్ల ఊరికి జరిగిన మేలు ఒకటా రెండా! ముసలమ్మలకి కీళ్లనొప్పులు పోయాయి. మోకాళ్లు వంగవని మూలిగే ఆడవాళ్లు బాతుపిల్ల చప్పుడు వినగానే పిట్టగోడ ఎక్కేస్తున్నారు. భక్తి పెరిగింది. ఇదివరకు ఆదివారం మాత్రమే శిలువ గుర్తు వేసుకునేవాళ్లు ఇప్పుడు మలుపు మలుపుకీ వేసుకుంటున్నారు. వీధిదీపాల ఖర్చు తగ్గింది. ఎలాగంటారా? మలుపు దగ్గర ఎవరైనా పడితే, బతికినవాడైతే తనే, లేకపోతే ఇంటివాళ్లు, అక్కడ ఒక చిన్న రేకు గుడి పెట్టి అందులో నూనెదీపం వెలిగించడం మా ఆనవాయితీ. ఇప్పుడు మా రోడ్డు పైనుంచి కిందిదాకా దీపాలే. పంచాయితీ వాళ్లు రెండు స్తంభాలు పీకి పక్క ఊరికి ఇచ్చేశారు.

ఇంత అభివృద్ధి జరుగుతుంటే ఓర్వలేనిది ఊరంతటికీ ఒక్కతే. మా అక్క ఎవంతియా.

అక్క ఇంటి గుమ్మం తిన్నగా రోడ్డు మీదికే తెరుచుకుంటుంది, అదీ అన్నిటికంటే గడుసు మలుపు దగ్గర. బావ పోయినప్పటినుంచి ఒంటరిది. ఎదురింటి కల్యోపి ఆమెకి చిన్ననాటి నేస్తం. పొద్దున్నే రోడ్డు దాటి వెళ్లి ఇద్దరూ కలిసి కాఫీ తాగడం ఎన్నో ఏళ్ల అలవాటు. ఈస్టరు ముందు మనూసోస్ బండి ఆమె శాలువా అంచు పట్టుకుని నాలుగు గజాలు ఈడ్చుకెళ్లింది. అప్పటినుంచి అక్క రోడ్డు దాటలేదు.

అందులోనూ లాభమే చూడండి! ఇప్పుడు ఇద్దరూ ఎవరి గుమ్మంలో వాళ్లు కూర్చుని, రోడ్డుకి అటూ ఇటూ కేకలేసుకుంటూ కాఫీ తాగుతున్నారు. కల్యోపి మలబద్ధకం సంగతి ఇదివరకు మా అక్క ఒక్కదానికే తెలుసు, ఇప్పుడు ఊరందరికీ తెలుసు. కోడలి మీద కోపాలు కూడా తెలుసు, కోడలితో సహా. రొట్టె ఇచ్చిపుచ్చుకోవాలంటే పొయ్యిలో రొట్టెలు తోసే పొడుగు చెక్కపారని రోడ్డు మీదుగా చాపుతారు. ఒకసారి ఆ పార మీది జున్నురొట్టెని మనూసోస్ వెళ్తూ వెళ్తూ అందుకుని తినేశాడు. బండి మాత్రం ఆపలేదు. ఏం నైపుణ్యం!

“నువ్వు నవ్వరా స్త్రాతీ, నవ్వు! నీ ఇంటికి మెట్లున్నాయి, బండ్లెక్కవు. నేను ఈ గడపలోనే చచ్చేలా ఉన్నాను. పేపరోడివి కదా, ఒక్క ముక్క రాయొచ్చు కదరా?”

“రాస్తున్నానక్కా, వాళ్లని పొగుడుతూ రాస్తున్నాను. తిడితే ఎవడూ చదవడు.”

“నీ పొగడ్త తగలెయ్య!” అంది అక్క. అని ఊరుకోకుండా పాత నూనెడబ్బాలకి సున్నం కొట్టి, వాటిలో సబ్జా మొక్కలు పెట్టి, గుమ్మం ముందు వరసగా కోటగోడలా నిలబెట్టింది.

ఇలా రోజులు హాయిగా గడుస్తుండగా వేసవిలో సార్జెంటు అనెస్తిస్ బదిలీ మీద వచ్చాడు. ఉత్తరాన ద్రామా అనే పట్నం వైపువాడు. పాపం, చదివిన రూల్సన్నీ నమ్మినవాడు. వచ్చిన మర్నాడే మలుపులో నిలబడి మనూసోస్‌ని ఆపాడు. బండి మీద ముందు ఒక గొర్రె, వెనక ఒక గ్యాసు బండ, మధ్యలో మనూసోస్.

“బండి కాగితాలేవి?”

“భద్రంగా ఇంట్లో ఉన్నాయి సార్జెంటుగారూ. మీలాంటి పెద్దలు అడిగే కాగితాలు, దుమ్ములో తిప్పుతామా?”

“నంబరు ప్లేటు?”

“కోళ్ల దగ్గరుందండీ.”

సార్జెంటు నడుముకున్న, తాగిందీ లేనిదీ పట్టే ఊదే మిషను తీశాడు. “ఇందులో ఊదు.”

“ముందు మీరు.”

“నేనెందుకూ?”

“భలేవారే! ఊరికి కొత్తగా వచ్చారు, అతిథి. అతిథి ముట్టకుండా నేను ముడితే మా అమ్మ ఇంట్లోకి రానిస్తుందా?”

గొర్రె అరుస్తోంది, వెనక బండ్లు ఆగిపోయాయి, జనం చేరి “ఊదండి సార్, ఊదండి, మొహమాటపడకండి” అని ప్రోత్సహిస్తున్నారు. చివరికి ఇద్దరూ ఊదారు. మనూసోస్ ఊదగానే మిషను కుయ్యోమొర్రోమంది. సార్జెంటు ఊదినప్పుడు కిక్కురుమనలేదు. మనూసోస్ జాలిగా చూశాడు.

“అయ్యో, మీదేం చూపించట్లేదే! వచ్చి రెండ్రోజులైంది, ఎవరూ ఏమీ పోయలేదా? ఎక్కండి, ఎక్కండి, పై కొట్టుకెళ్దాం.”

సార్జెంటు ఎక్కలేదు. బండిని స్టేషనుకి పట్టుకుపోయాడు, గొర్రెతో సహా. మర్నాడు ప్రెసిడెంటుగారి బండి, ఆ మర్నాడు పాద్రిగారి బండి. రోడ్డు నిశ్శబ్దమైపోయింది. ఆ వారమంతా మా అక్క పొద్దున్నే జడ అల్లుకుని, రోడ్డు నడిమధ్యన రాణిలా నడిచి, కల్యోపి ఇంట్లో కూర్చుని కాఫీ తాగింది. సార్జెంటుకి రోజూ జున్నురొట్టెలు పంపింది. “నా పాలిటి దేవుడే వచ్చాడ్రా!” అని నాతో చెప్పి కళ్లొత్తుకుంది. ఊరికి అదెంత గడ్డుకాలమో మీరే ఊహించుకోండి.

పక్క ఊరివాళ్లైతే ఏం చేసేవారు? బెదిరించేవారు. పైవాళ్లకి ఆకాశరామన్న ఉత్తరం రాసేవారు. మావాళ్లు సంస్కారవంతులు. ఒక పసిబిడ్డని తీసుకెళ్లారు.

మనూసోస్ కొడుక్కి ఇంకా బాప్టిజం కాలేదు. బిడ్డని చంకనెత్తుకుని స్టేషనుకెళ్లి, “సార్జెంటుగారూ, మీ అంత నిజాయితీపరుణ్ణి నా జన్మలో చూళ్లేదు. నా కొడుక్కి బాప్టిజంలో పేరు పెట్టే జ్ఞానతండ్రి మీరే కావాలి” అన్నాడు. అడిగితే కాదనడం మహాపాపం. సార్జెంటు పొంగిపోయాడు. కొత్త ఊళ్లో ఇంత ఆదరణా అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

మా క్రీటు సంగతి ఆయనకేం తెలుసు! బిడ్డ తండ్రికీ జ్ఞానతండ్రికీ మధ్య కలిసే చుట్టరికాన్ని మేము సింతెక్నోస్ అంటాం. తోడబుట్టినవాడితో దెబ్బలాడవచ్చు, పొలం గట్టు దగ్గర తుపాకీ కూడా తియ్యవచ్చు. సింతెక్నోస్ మీద మాత్రం కేసు పెట్టకూడదు. పెట్టినవాడికి మా కొండల్లో మంచినీళ్లు కూడా పుట్టవు. ఆ చుట్టరికం తండ్రి దగ్గరే ఆగదు కూడా. బాబాయిలకి, బావమరుదులకి, వేలువిడిచిన మేనమామలకి, అందరికీ వర్తిస్తుంది.

బాప్టిజం అయిన మర్నాడు మనూసోస్ బండి ఇంటికొచ్చింది. గొర్రె అంతకుముందు రోజే విందులోకి వచ్చింది.

ఆ తర్వాత చూడాలి మా ఊరి సంబరం! ఏ ఇంట్లో పసిబిడ్డ ఉన్నా సార్జెంటే జ్ఞానతండ్రి. ఆదివారానికి ఒక బాప్టిజం, ఒక్కోసారి రెండు. ఊళ్లో బిడ్డలు అయిపోతే ఏథెన్సులో ఉన్న మేనకోడళ్లకి ఫోన్లు చేసి, ఓడల మీద బిడ్డల్ని తెప్పించారు. పెళ్లి వాయిదా వేసుకున్న ప్రెసిడెంటుగారి అబ్బాయి హడావిడిగా పెళ్లి చేసేసుకున్నాడు. అభివృద్ధి అంటే ఇది కాదూ? జననాల రేటు పడిపోతోందని ప్రభుత్వం వారు ఏడుస్తుంటారే, స్కూటర్లకి రూల్సు పెట్టి ఒక నిజాయితీపరుణ్ణి పంపితే చాలు, ఊయలలు చాలవు!

ద్రాక్ష కోతల వేళకి ఊరంతా సార్జెంటుకి చుట్టాలే. మిగిలింది ఒక్క మా కుటుంబం. మా అమ్మాయి అర్గీరోకి వసంతంలో ఆడపిల్ల పుట్టింది. అక్క పట్టుబట్టి బాప్టిజం ఆపించింది.

“వినవే అర్గీరో. ఈ పిల్లకి ఆయన జ్ఞానతండ్రి అయ్యాడంటే నా రోడ్డుకి ఇక దిక్కెవరే? ఊళ్లో ఆయన మీద ఫిర్యాదు పెట్టగలిగేవాళ్లం, ఆయనతో ఫిర్యాదు చెప్పుకోగలిగేవాళ్లం మనమొక్కళ్లమే మిగిలాం. ఆగవే తల్లీ, కొన్నాళ్లాగు.”

“పేరు లేకుండా ఎన్నాళ్లత్తా? ఇప్పటికీ ‘పాపా’ అనే పిలుస్తున్నాం!”

“పిల్లకి పేరు కాస్త ఆలస్యమైతే ఏం కాదే. నేను ఆలస్యమైతే పోతాను.”

చూశారా ఎంత మొండితనమో? ఊరి ప్రగతిని చంటిపిల్ల పేరుతో అడ్డుకోవడం!

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రెసిడెంటుగారి కూతురి కొడుకు బాప్టిజం విందు జరిగింది. జ్ఞానతండ్రి గ్లాసు ఖాళీగా కనిపిస్తే బిడ్డకి అరిష్టమని సార్జెంటుకి ఎవరో చెప్పారు. బిడ్డ మేలు కోరి ఆయన పాపం చాలా శ్రమపడ్డాడు. సాయంత్రం కాకుండానే లేచి, మనూసోస్ ప్రేమగా అరువిచ్చిన బాతుపిల్ల ఎక్కాడు. ప్లేటు కోళ్ల దగ్గరే ఉంది. హెల్మెట్టు మోచేతికే ఉంది. మనిషి పూర్తిగా మావాడైపోయాడు.

మలుపులో నూనెడబ్బాలు ఆకాశానికెగిరాయి. బాతుపిల్ల గడప దాటి, నట్టిల్లు దాటి, వంటింట్లో పిండి తొట్టెకి కొట్టుకుని ఆగింది. పిండి పిసుకుతున్న మా అక్క వెనక్కి విరుచుకుపడింది. మోకాలు చెక్కుకుపోయింది, చెయ్యి వాచిపోయింది, ప్రాణం దక్కింది. నేల మీద సార్జెంటు, టోపీ మీద సబ్జా మొక్క.

అక్క కుంటుకుంటూ లేచి, ఆయన నడుము దగ్గర్నుంచి మిషను లాగి, నోటి ముందు పెట్టింది.

“ఊదు నాయనా.”

“వద్దమ్మా…”

“నా వంటింట్లోకి పిలవకుండా వచ్చావు. ఊదు.”

ఊదాడు. మిషను పెట్టిన గోలకి కల్యోపి అవతలి గుమ్మంలోంచి “ఎవరే పోయింది?” అని అరిచింది. సార్జెంటు గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. “నేనిలాంటివాణ్ణి కాదమ్మా! మా ఊళ్లో ఎర్రలైటు పడితే సైకిలు మీదున్నా ఆగేవాణ్ణి!”

“తెలుసు నాయనా. పొద్దున్నే మొహం కడుక్కుని నీ మీద నువ్వే కేసు రాసుకో. ఒక్కసారి ఒక్కడి మీద పడితే చాలు, మిగతావాళ్లు భయపడతారు” అంది అక్క. ఆ రాత్రి వాచిన చేత్తోనే నాకు ఫోను చేసి, మళ్లీ కల్యోపి ఇంట్లో కాఫీ తాగబోతున్నానని చెప్పింది. గొంతులో పెళ్లికూతురి సంబరం.

పొద్దున్నే సార్జెంటు వచ్చాడు. గడ్డం గీసుకుని, చొక్కా ఇస్త్రీ చేసుకుని, తల దించుకుని నిలబడ్డాడు.

“పైవాళ్లకి రిపోర్టు పంపాలమ్మా. తప్పెవరిదో రాయాలి. రాత్రంతా ఆలోచించాను. బండి మనూసోస్‌ది, వాడు నాకు సింతెక్నోస్. రాకి పోసింది ప్రెసిడెంటుగారు, ఆయనా అంతే. నా మీద రాసుకుంటే వాళ్లందరినీ సాక్ష్యానికి లాగాలి. చుట్టాల్ని కోర్టుకి లాగినవాడు ఈ ఊళ్లో బతకగలడా? మీరొక్కరే నాకు ఏమీ కారు.”

అనుమతి లేకుండా రోడ్డు పక్కన నూనెడబ్బాలు పెట్టి, వాహనదారుల రాకపోకలకి ఆటంకం కలిగించినందుకు మా అక్కకి జరిమానా. కొత్త రూల్సు వచ్చాక మా ఊళ్లో రద్దు కాకుండా నిలబడిన మొదటి జరిమానా ఇదే. జిల్లా ఆఫీసునుంచి సార్జెంటుకి అభినందనలు కూడా వచ్చాయి.

అక్క ఆ చీటీని చాలాసేపు చూసింది. “డ్రైవింగు రానిదాన్ని కదరా స్త్రాతీ. నాకెందుకు పడింది?” అంది.

అయితే నేను వ్యవహారజ్ఞానం గలవాణ్ణి. ఏడుస్తూ కూర్చుంటే ఏమొస్తుంది? ఊరివాళ్లు కూడా వచ్చి చెప్పారు, “ఇంత చిన్న విషయానికి బెంగెందుకు? మీ మనవరాలికి బాప్టిజం చేయించెయ్, చీటీ చిరిగిపోతుంది” అని. న్యాయమే కదా! పాపకి పేరొస్తుంది, జరిమానా పోతుంది, మనమూ చుట్టాలమవుతాం. ఇక ఊళ్లో చట్టం వర్తించేవాడంటూ ఒక్కడూ మిగలడు. ఇంతకంటే సమానత్వం ఏ దేశంలో ఉంది?

అక్కకి చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. “సరే” అంది. “పాపకి తెల్లగౌను నేనే కుడతాను” అంది. వాచిన చేత్తోనే కుట్టింది. పంచడానికి చక్కెర బాదం పలుకులన్నీ తెల్ల జాలీగుడ్డలో తనే మూటలు కట్టి, బుట్టలో సర్ది అర్గీరో చేతికిచ్చింది.

మొన్న ఆదివారం బాప్టిజం దివ్యంగా జరిగింది. సార్జెంటు పాపకి నూనె రాశాడు. పాద్రిగారు మూడుసార్లు నీళ్లలో ముంచారు. పాప చర్చి అదిరిపోయేలా ఏడ్చింది. పేరు చెప్పమంటే సార్జెంటు కళ్లు తుడుచుకుని “ఎవంతియా!” అని గట్టిగా చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. జరిమానా చీటీ అక్కడే చింపేశారు. బాదం పలుకులు నమిలాం, ఒకరినొకరు ముద్దులు పెట్టుకున్నాం. మనూసోస్ నన్ను కావలించుకుని “మన చుట్టరికం కలిసిందిరా!” అన్నాడు. బయట బాతుపిల్లలన్నీ ఒక్కసారే స్టార్టయ్యాయి.

ఊరు ఊరంతా వచ్చింది. మా అక్క ఒక్కతే రాలేదు. చర్చి రోడ్డుకి అవతల ఉంది.